ఒకే మిరపకాయ, నాలుగు శాస్త్రాలు: గుంటూరులో చిన్న పరిశోధన చేసే విధానం

జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డు వైపు వెళ్ళే ఎవరికైనా ఘాటు ముందు ముక్కుకు, ఆ తరువాత కళ్ళకు తగులుతుంది. ప్రాజెక్టు కోసం ఏదైనా అంశం చెప్పమని అడిగే డిగ్రీ విద్యార్థులకు నేను ప్రతిసారీ ఆ యార్డులోని కాయనే చూపిస్తాను. కాయ ఎలా ఎండుతుందో తెలుసుకోవాలంటే భౌతికశాస్త్రం కావాలి. దాని తొక్క నీటిని ఎలా ఆపుతుందో పదార్థశాస్త్రం చెప్పాలి. లోపలి గింజ ఎండలో బతుకుతుందా అన్నది జీవశాస్త్రం తేల్చాలి. ఒకరికి మంటెత్తించే కారం మరొకరికి చప్పగా ఎందుకు అనిపిస్తుందో మనస్తత్వశాస్త్రాన్ని అడగాలి. పరికరాలు లేకపోవడమే పరిశోధనకు అడ్డంకి అని మన కళాశాలల్లో చాలామంది నమ్ముతారు. ఇన్నేళ్ళుగా విద్యార్థుల నోట్‌బుక్కులు చూసిన నాకు మాత్రం అసలు అడ్డంకి మరొకటి కనిపిస్తుంది. ఏ ఫలితం వస్తే తన ఊహ తప్పని ఒప్పుకుంటాడో విద్యార్థి ముందుగా రాసిపెట్టుకోవడం లేదు. ఈ మార్గదర్శి ఆ అలవాటును నాలుగు శాస్త్రాల్లోనూ ఎలా పాటించాలో చెబుతుంది.

మొదటి మెట్టు: ప్రశ్నను కుదించడం

"మిర్చి త్వరగా ఎండాలంటే ఏం చేయాలి?" అన్నది రైతు అడిగే న్యాయమైన ప్రశ్న, కానీ దానిని కొలవలేం. దానిని కుదించి ఇలా రాసుకోవాలి: "ఫిబ్రవరిలో, ఒకే చేనులో ఒకే రోజు కోసిన తేజ రకం పండుకాయలను సిమెంటు గచ్చు మీద, పట్టా మీద, నేలకు రెండడుగుల ఎత్తున కట్టిన వల మీద విడివిడిగా ఆరబోస్తే, 200 గ్రాముల కాయ 10 శాతం తేమకు దిగడానికి ఒక్కో చోట ఎన్ని గంటలు పడుతుంది?" ఈ వాక్యంలో నెల, రకం, కోత రోజు, ఎత్తు, బరువు, గమ్యం అన్నీ బిగిసి ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి వదులుగా ఉన్నా, ఫలితం వచ్చాక దానిని మనకు నచ్చిన వైపు తిప్పుకునే సందు మిగులుతుంది.

ప్రశ్న కిందనే ఊహ రాయాలి, ఊహ కిందనే దాని ఓటమిని రాయాలి. "వల మీది కాయలు గచ్చు మీది కాయలకన్నా కనీసం ఆరు గంటల ముందు ఎండుతాయి. తేడా అంతకన్నా తక్కువ ఉంటే నా ఊహ తప్పు." దానికి తేదీ వేసి, తోటి విద్యార్థి చేత సంతకం పెట్టించాలి. ఈ పట్టుదల ఎందుకో 2015లో వెలువడిన ఒక ఫలితం చెబుతుంది. మనస్తత్వశాస్త్ర పత్రికల్లో అచ్చయిన 100 అధ్యయనాలను ఒక పెద్ద పరిశోధక బృందం మళ్ళీ చేసి చూసింది. మూల అధ్యయనాల్లో 97 శాతం గణాంకపరంగా నిలిచే ఫలితాన్ని ప్రకటించగా, పునఃప్రయోగాల్లో అలా నిలిచినవి 36 శాతమే. మూల అధ్యయనాలు చేసినవారిలో మోసగాళ్ళు ఎక్కువమంది అనుకోవడం అన్యాయం. అంకెలు చేతికి వచ్చాక ఊహను వాటికి తగ్గట్టు మలుచుకోవడం, కుదిరిన వాటినే అచ్చుకు పంపడం మంచివాళ్ళు కూడా తెలియకుండా చేసే పనులు. ముందే రాసి సంతకం పెట్టిన కాగితం ఆ బలహీనతకు అడ్డుకట్ట వేస్తుంది.

ప్రశ్నను ఖాయం చేసేముందు చదవాలి. విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథాలు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లోను, వ్యవసాయ సిద్ధాంత వ్యాసాలు కృషికోశ్ అనే వెబ్‌సైట్‌లోను ఉచితంగా దొరుకుతాయి. మిరప మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం గుంటూరు పక్కనే ఉంది. కల్లంలో కాయ తిరగేసే కూలీలను కూడా అడగాలి. ఏ పక్క కాయ ముందు గలగలమంటుందో, ఏ కాయ తాలుగా మారుతుందో వారు చెప్పేది ఏ పత్రికలోనూ దొరకదు. వారి మాటను నిరూపణగా తీసుకోకూడదు, పరీక్షించదగిన ఊహగా తీసుకోవాలి.

రెండో మెట్టు: నోట్‌బుక్

పేజీలకు అంకెలు వేసిన కుట్టు నోట్‌బుక్కులో పెన్నుతోనే రాయాలి. తప్పు పడితే కింది అంకె కనబడేలా ఒకే గీత కొట్టాలి. పేజీ చింపకూడదు, చిత్తు కాగితం మీద రాసి తరువాత ఎక్కించకూడదు. కొలతతో పాటు సమయం, మబ్బు, గాలి, కొలిచినవారి పేరు రాయాలి. ఇంతకుమించి చెప్పవలసింది లేదు.

మూడో మెట్టు: తూకం, అంటే భౌతికశాస్త్రం

నగల దుకాణాల్లో వాడే లాంటి చిన్న డిజిటల్ తూకపు యంత్రం, 0.01 గ్రాము దాకా చూపించేది, సరిపోతుంది. దానిని నమ్మేముందు పరీక్షించాలి. సూదిలేని సిరంజితో 10 మిల్లీలీటర్ల నీరు తూచి చూడండి. 30 డిగ్రీల వద్ద నీటి సాంద్రత మిల్లీలీటరుకు 0.9957 గ్రాములు కాబట్టి 9.96 గ్రాముల దగ్గరి అంకె రావాలి. సిరంజి గీతల్లోనూ కొంత తేడా ఉంటుంది గనుక పదిసార్లు చేసి సగటు తీయాలి. ఆ తరువాత ఒక స్టీలు బోల్టును ప్రయోగానికే కేటాయించి, ప్రతి ఉదయం తూకం మొదలుపెట్టేముందు దాని బరువు రాయాలి. బోల్టు బరువు మారితే యంత్రం మారినట్టు, ఆ రోజు కాయల బరువును నమ్మకూడదు. నేను తొలిసారి ఈ ప్రయోగం చేసినప్పుడు యంత్రాన్ని ఫ్యాను కింద పెట్టాను. పళ్ళెం మీద గాలి ఒత్తిడి వల్ల అంకెలు ఊగాయని మూడు రోజుల తరువాత బోల్టు బరువులు పోల్చి చూస్తేగాని తెలియలేదు, ఆ మూడు రోజుల అంకెలనూ వదులుకోవలసి వచ్చింది.

తేమ లెక్క జాగ్రత్తగా చేయాలి. పండుకాయలో 75 శాతం నీరు ఉందనుకుంటే, 200 గ్రాముల్లో ఎండు పదార్థం 50 గ్రాములు. ఎండినకొద్దీ నీరు తగ్గుతుంది గాని ఆ 50 గ్రాములు దాదాపు మారవు. 10 శాతం తేమ దగ్గర మొత్తం బరువులో 90 శాతం ఎండు పదార్థమే కావాలి కాబట్టి, అప్పటి బరువు 50ని 0.9తో భాగిస్తే వచ్చే 55.6 గ్రాములు. విద్యార్థుల్లో సగం మంది 200లో 65 శాతం తీసివేసి 70 గ్రాముల దగ్గర ఆగిపోతారు. ఆ బరువు దగ్గర కాయలో ఇంకా 28 శాతానికి పైగా నీరు ఉంటుంది, గోతంలో వేస్తే బూజు పడుతుంది. అసలు ఎండు పదార్థం ఎంతో తెలియాలంటే అదే కోతలోని కొన్ని కాయలను ముక్కలు చేసి, ప్రయోగశాల ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర బరువు మారకుండా నిలిచేదాకా ఉంచాలి. కాయలోని ఆవిరయ్యే నూనెలు కూడా ఈ పద్ధతిలో నీటి ఖాతాలోనే పడతాయని నోట్‌బుక్కులో ఒక మాట రాసుకోవాలి.

ఇప్పుడు ఈ ప్రయోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క. 200 గ్రాములు 55.6 గ్రాములకు దిగాలంటే 144.4 గ్రాముల నీరు పోవాలి. 30 డిగ్రీల దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2.43 కిలోజౌళ్ళ శక్తి కావాలి గనుక, మొత్తం సుమారు 351 కిలోజౌళ్ళు. నిర్మలమైన మధ్యాహ్నం చదరపు మీటరు మీద పడే ఎండ గరిష్ఠంగా 1000 వాట్ల దాకా ఉంటుంది. మీ పళ్ళెం చదరపు మీటరులో పదో వంతు అయితే దానికి 100 వాట్లు. 351 కిలోజౌళ్ళను 100 వాట్లతో భాగిస్తే 3510 సెకన్లు, అంటే గంటకన్నా తక్కువ. ఎండలో సగం వృథా అయిందనుకున్నా రెండు గంటల్లో కాయ ఎండిపోవాలి. కల్లంలో మాత్రం రోజులు పడుతుంది! అంటే కొరత ఎండది కాదు, నీరు బయటికి వచ్చే దారి ఇరుకు. కాగితం మీద వేసిన నాలుగు వరుసల లెక్క ఇలా భౌతికశాస్త్రం నుంచి పదార్థశాస్త్రంలోకి మనల్ని చేయి పట్టి తీసుకుపోతుంది.

ఆ మాట అంకెల్లోనూ కనబడుతుంది. ప్రతి రెండు గంటలకూ తూచి, అప్పటికి మిగిలిన నీటిని మొదటి నీటితో భాగించి, ఆ నిష్పత్తి లాగరిథమ్‌ను కాలానికి ఎదురుగా గ్రాఫు గీయండి. గీత చాలాదూరం సూటిగా వస్తే, మిగిలిన నీటికి అనులోమంగానే నీరు పోతోందని అర్థం. వాలు ఎంత నిటారుగా ఉంటే కాయ అంత వేగంగా ఎండుతోందన్నమాట. సాయంత్రం ఆరు గంటలకు, తెల్లవారుజామున ఆరు గంటలకు తప్పక తూచాలి. కృష్ణా తీరంలో మంచు పడే రాత్రుల్లో మూతలేని కాయలు బరువు పెరిగినట్టు కనబడవచ్చు. గాలిలోని తేమను కాయ తిరిగి పీల్చుకుంటోందన్నమాట, దానిని తప్పు కొలత అని కొట్టేయకూడదు.

నాలుగో మెట్టు: తొక్క, అంటే పదార్థశాస్త్రం

ఒక వస్తువు నిర్మాణానికీ, దానిని తయారుచేసిన పద్ధతికీ, దాని గుణానికీ ఉన్న సంబంధాన్ని వెతకడమే పదార్థశాస్త్రం చేసే పని. మిరప తొక్క పైన మైనపు పూతతో కూడిన పలుచని పొర ఉంటుంది, నీటిని ఆపేది అదే. దీనిని పరీక్షించడానికి 60 కాయలు తీసుకుని నాలుగు గుంపులు చేయండి: ఏమీ చేయనివి, సూదితో పది చోట్ల గుచ్చినవి, మరిగే నీటిలో కొద్ది సెకన్లు ముంచి తీసినవి, తొడిమ దగ్గర కరిగించిన కొవ్వొత్తి మైనంతో మూసినవి. నాలుగో గుంపును చాలామంది మరచిపోతారు. మైనం పెట్టిన కాయ మామూలు కాయకన్నా నిదానంగా ఎండితే, ఆ తేడా మేరకు నీరు తొడిమ గుండా పోతోందని లెక్క తేలుతుంది. మైనం బరువును వేరుగా తూచి తీసివేయడం మరవకూడదు.

ఎండిన తరువాతి కథ నిల్వది. ఒక గాజు సీసా అడుగున తడి ఇసుకలా ఉండేటంత ఉప్పు, నీరు కలిపి మూత బిగిస్తే, లోపలి గాలి తేమ సుమారు 75 శాతం దగ్గర నిలుస్తుంది. వేల రూపాయల యంత్రం చేసే పనిని వంటింటి ఉప్పు చేసిపెడుతుంది. ఎండు మిర్చిని విడిగా, గోనె గుడ్డలో చుట్టి, పాలిథీన్ సంచిలో అతికించి అలాంటి మూడు సీసాల్లో ఉప్పుకు తగలకుండా వేలాడదీసి, రోజూ తూచండి. రోజుకు ఎన్ని మిల్లీగ్రాములు పెరిగిందో చూస్తే ఆ కవచం నీటి ఆవిరిని ఎంత పోనిస్తుందో తెలుస్తుంది. పాలిథీన్ మందం కొలవాలంటే పది పొరలు వచ్చేలా మడిచి స్క్రూగేజీతో కొలిచి పదితో భాగించాలి, ఒక్క పొరను నేరుగా కొలిస్తే గేజీ తప్పే ఎక్కువవుతుంది.

ఈ శాస్త్రంలో పెద్ద ప్రమాదం నమూనాలోని కల్తీ. 2023 జులైలో దక్షిణ కొరియా పరిశోధకులు ఎల్‌కే-99 అనే పదార్థం గది ఉష్ణోగ్రతలోనే అతివాహకం (నిరోధం లేకుండా విద్యుత్తును పంపే పదార్థం) అవుతుందని ప్రకటించారు. విద్యుత్ నిరోధం ఒక్కసారిగా పడిపోవడం వారి ఆధారాల్లో ఒకటి. ఇతర ప్రయోగశాలలు కొన్ని వారాల్లోనే దానికి కారణం వెతికి పట్టుకున్నాయి. నమూనాలో కలిసివున్న కాపర్ సల్ఫైడ్ సుమారు 104 డిగ్రీల దగ్గర తన నిర్మాణాన్ని మార్చుకుంటుంది, పడిపోయిన నిరోధం దానిదే. మన విషయంలో ఆ కల్తీ యార్డులో కొన్న టిక్కీ (మిర్చి బస్తా) నుంచే రావచ్చు. ఒకే టిక్కీలో రెండు చేల కాయ, రెండు కోతల కాయ ఉండవచ్చు. వీలైతే రైతు దగ్గర, ఒకే చేలో, కోత రోజునే తెచ్చుకోండి.

ఐదో మెట్టు: గింజ, అంటే జీవశాస్త్రం

రెండు ఇనుప బోల్టులు ఒకేలా ఉండవచ్చు గాని, రెండు కాయలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. జీవశాస్త్రంలో కష్టమంతా ఆ వైవిధ్యాన్ని గౌరవించడంలోనే ఉంది. కాయలను గుంపులుగా విడదీసేటప్పుడు చేతికి ముందు వచ్చేది కంటికి నచ్చిన కాయే. అందుకే ప్రతి కాయకూ అంకె వేసి, చీటీలు తీసి గుంపు నిర్ణయించాలి.

గచ్చు మీద, పట్టా మీద, వల మీద ఎండిన కాయల గింజల్లో ఏవి బాగా మొలుస్తాయో చూడాలనుకోండి. ఒక్కో పద్ధతికి 100 గింజల చొప్పున నాలుగు పళ్ళాలు, తడి కాగితం మీద పరచి, ఏడో రోజున, పద్నాలుగో రోజున లెక్కపెట్టాలి. 100 గింజల్లో 80 మొలిస్తే అసలు శాతం ఎనిమిది అటూ ఇటూగా, అంటే 72కూ 88కీ మధ్య ఉండవచ్చు. 400 గింజలైతే ఆ వెడల్పు సగానికి, నాలుగుకు తగ్గుతుంది. కాబట్టి 100 గింజల పరీక్షలో వచ్చిన ఐదు శాతం తేడా మీద కథ అల్లకూడదు. ఇంకొక లోతైన తప్పు ఉంది. ఒకే కాయలోని 100 గింజలు 100 స్వతంత్ర సాక్ష్యాలు కావు, అవన్నీ ఒకే తల్లి బిడ్డలు. ఒకే పళ్ళెంలో బూజు పట్టితే నూరు గింజలూ కలిసి చస్తాయి. అందువల్ల లెక్కలో గింజను గాక పళ్ళాన్ని యూనిట్‌గా తీసుకోవాలి.

మంచి జీవశాస్త్ర ప్రశ్న ఎలా ఉంటుందో చూడాలంటే మిరప సొంత చరిత్రలోనే ఉదాహరణ దొరుకుతుంది. కారం ఎందుకు పుట్టిందని అడిగిన పరిశోధకులు బొలీవియాలో అడవి మిరపను పట్టుకున్నారు. అక్కడ ఒకే జాతిలో కారం ఉన్న మొక్కలూ, లేని మొక్కలూ పక్కపక్కనే పెరుగుతాయి. పురుగులు కాయకు వేసిన రంధ్రాల గుండా ఫ్యుజేరియం అనే శిలీంధ్రం లోపలికి చేరి గింజలను పాడుచేస్తుందనీ, కారం ఉన్న కాయల్లో ఆ నష్టం తగ్గుతుందనీ 2008లో చూపించారు. మనం ప్రయోగశాలలో కష్టపడి అమర్చుకునే పోలికను వారు ప్రకృతిలోనే సిద్ధంగా ఉన్న చోట వెతికి పట్టుకున్నారు.

ఆరో మెట్టు: నాలుక, అంటే మనస్తత్వశాస్త్రం

కారం నిజానికి రుచి కాదు. 43 డిగ్రీలకు మించిన వేడిని గుర్తించే గ్రాహకమే మిరపకు కారాన్నిచ్చే క్యాప్సెయిసిన్ తగిలినా తెరుచుకుంటుందని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనుగొంది, ఆ దారిలో చేసిన కృషికి ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. నోరు కాలినట్టు అనిపించడం అందుకే. అయితే ఆ సంకేతం మెదడుకు చేరాక "ఎంత కారం" అన్న తీర్పులో అలవాటు, అంచనా, పక్కవారి ముఖం అన్నీ కలుస్తాయి. 1912లో విల్బర్ స్కోవిల్ మిరప సారాన్ని తీపి నీటిలో పలుచన చేస్తూ, రుచి చూసేవారికి మంట తెలియకుండా పోయే దాకా ఎన్ని రెట్లు కలపాలో లెక్కించి కారాన్ని కొలిచాడు. వరుసగా రుచి చూస్తే నాలుక మొద్దుబారుతుంది, ఒక్కో నాలుక ఒక్కో తీర్పు ఇస్తుంది. ఆ పద్ధతి బలహీనత అక్కడే ఉంది. నేడు క్యాప్సెయిసిన్ మోతాదును ద్రవ క్రోమటోగ్రఫీతో కొలుస్తారు. ఆ యంత్రం అణువులను లెక్కిస్తుంది, అనుభవాన్ని లెక్కించలేదు. అనుభవమే మీ ప్రశ్న అయితే మనుషులనే అడగాలి, అడగడంలోనే నైపుణ్యం చూపాలి.

ముందు మనుషుల క్షేమం. కళాశాల నైతిక సంఘం అనుమతి, ప్రతి ఒక్కరి లిఖిత అంగీకారం, మధ్యలో మానేసే స్వేచ్ఛ ఉండాలి. పిల్లలను, గర్భిణులను, కడుపులో పుండు ఉన్నవారిని, ఉబ్బసం ఉన్నవారిని చేర్చుకోకూడదు. బూజు వాసన ఉన్న కాయను ఎవరి నోటికీ ఇవ్వకూడదు, సరిగ్గా ఎండని మిర్చి మీద పెరిగే కొన్ని శిలీంధ్రాలు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి.

గచ్చు మీద ఎండిన కాయ కారానికీ, వల మీద ఎండిన కాయ కారానికీ తేడా తెలుస్తుందా అన్నది ప్రశ్న అనుకుందాం. రెండింటినీ పొడిచేసి ఒకే జల్లెడతో పట్టాలి, పొడి మెత్తదనం మారితే మంట కూడా మారుతుంది. 100 గ్రాముల ఉప్పులేని గంజికి 0.2 గ్రాముల చొప్పున కలిపి, ఒక్కొక్కరికి మూడు చిన్న గిన్నెలు ఇవ్వాలి. రెండింటిలో ఒకే పొడి, ఒకదానిలో వేరే పొడి. వేరుగా ఉన్నది ఏదో చెప్పమనాలి. గిన్నెల మీద మూడంకెల సంకేతాలే ఉండాలి. రంగు పట్టివ్వకుండా కళ్ళకు గుడ్డ కట్టాలి. గిన్నెకూ గిన్నెకూ మధ్య ఐదు నిమిషాల విరామం, ఒక గుక్క పెరుగు ఇవ్వాలి, ఎందుకంటే పాలలోని కేసీన్ మంటను నీటికన్నా బాగా కడుగుతుంది. ఊరికే ఊహించినా మూడింట ఒక వంతు సరిగ్గా చెబుతారు. 18 మందిలో ఆరుగురు సరిగ్గా చెప్పడం అదృష్టమే. పదిమంది చెబితే, కేవలం అదృష్టం వల్ల అంతమంది లేదా అంతకన్నా ఎక్కువమంది చెప్పే అవకాశం 4.3 శాతం. "పదిమంది చెబితేనే తేడా ఉందంటాను" అని ప్రయోగానికి ముందే రాసిపెట్టాలి.

గిన్నెలు నింపినవారు అందించకూడదు. ఈ నియమం వెనుక జర్మనీలోని ఒక గుర్రం ఉంది. హాన్స్ అనే ఆ గుర్రం గిట్టతో తట్టి కూడికలు చేస్తుందని అందరూ నమ్మారు. అడిగే మనిషికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియడం లేదని 1907లో ఆస్కర్ ఫుంగ్స్ట్ చూపించాడు, అది మనిషి తల కదలికను చదువుతోంది. జవాబు తెలిసిన విద్యార్థి గిన్నె అందిస్తే, కళ్ళకు గుడ్డ ఉన్నా ఎదుటి మనిషి కూడా అతని గొంతును చదువుతాడు. "మాది గుంటూరండీ, మాకు కారం ఒక లెక్కా?" అనేవారిని కూడా చేర్చుకోండి, కానీ వారి ఊరు, ఇంట్లో వాడే కారం రకం గిన్నెలు ఇచ్చాక అడగండి. ముందే అడిగితే ఆ ప్రశ్నే వారి నాలుకను మారుస్తుంది.

ఏడో మెట్టు: అంకెలు చూడటం

సగటు తీసేముందు ప్రతి అంకెనూ గ్రాఫు మీద చుక్కగా పెట్టాలి. ఒక చుక్క దూరంగా పడితే దానిని కొట్టివేయడానికి నోట్‌బుక్కులో కారణం ఉండాలి: ఆ రోజు బోల్టు బరువు తప్పింది, లేదా కోతి ఆ పళ్ళెం తిరగేసింది. ఊహకు ఎదురు వెళ్ళిందన్నది కారణం కాదు. ఊహకు అనుకూలంగా, ఆశ్చర్యపోయేంత బాగా వచ్చిన అంకెను కూడా అంతే గట్టిగా అనుమానించాలి. 2011 సెప్టెంబరులో ఒపేరా బృందం, జెనీవా నుంచి 730 కిలోమీటర్ల దూరంలోని ఇటలీ ప్రయోగశాలకు చేరిన న్యూట్రినోలు అనే సూక్ష్మ కణాలు కాంతికన్నా సుమారు 60 నానోసెకన్ల ముందు వచ్చాయని ప్రకటించింది. వారు దానిని విజయంగా చాటకుండా, తప్పు ఎక్కడో చూడమని ప్రపంచాన్ని అడిగారు. చివరికి సరిగ్గా బిగించని ఒక ఆప్టికల్ ఫైబరు కేబులు ప్రధాన కారణమని తేలింది. వింత ఫలితం వచ్చినప్పుడు ముందు తీగలు, తరువాత తూకం, ఆ తరువాత లెక్క, చిట్టచివర మాత్రమే ప్రకృతి.

ఎనిమిదో మెట్టు: రాయడం, మరొకరి చేతికి ఇవ్వడం

పద్ధతి భాగాన్ని ముందు రాయండి, ముగింపు మాటలు చివరికి వదలండి. ఓడిపోయిన ఊహను కూడా అంతే వివరంగా రాయాలి. వల మీద ఆరబోయడం వల్ల ఆరు గంటలు కలిసిరాలేదని తెలిస్తే, వల కొనే ఖర్చు ఒక రైతుకు మిగులుతుంది. మూల అంకెలన్నీ అనుబంధంలో ఇవ్వాలి. రాత పూర్తయ్యాక, ప్రయోగాన్ని చూడని ఒక జూనియర్‌కు ఆ కాగితాలూ, తూకపు యంత్రమూ, మిగిలిన కాయలూ ఇచ్చి, మీరు గది బయట కూర్చోండి. అతను మిమ్మల్ని పిలిచి అడిగే ప్రతి ప్రశ్న మీరు రాయకుండా వదిలేసిన ఒక వాక్యం. ఆ వాక్యాలను చేర్చి, మరుసటి రోజు మరొకరికి ఇవ్వండి.